ఏశావు ఆకలి, మన పొగాకు

పాఠ్యభాగము: ఆదికాండము 25:29–34; హెబ్రీయులకు 12:16

పొగాకు దేహమునకు చేసే కీడును గూర్చి మన సంఘములలో ఎన్నోసార్లు విన్నాము. ఈ పాఠములో దానిని మరల చెప్పబోము. పొగాకు అలవాటున్నవారు ఏది కోరుకుంటారు, ఎందుకు తొందరపడతారు అనేదే మన విషయము.

ఏశావు తెలివితక్కువవాడని మనము త్వరగా తీర్పు తీరుస్తాము. అతడు అలసి వచ్చాడు. కుండలో వంటకము సిద్ధముగా ఉన్నది. జ్యేష్ఠత్వపు హక్కు ఫలము ఎన్నో ఏండ్లకుగాని చేతికి రాదు, వంటకము ఇప్పుడే వస్తుంది. దూరమున్నది చిన్నదైపోయింది, దగ్గరున్నది పెద్దదైపోయింది. ఆకలి వేళ చూచి బేరమాడిన యాకోబు కూడా నిర్దోషి కాడు. మిల్లు గేటు ఎదుటి అంగడికి కూడా ఆ వేళ బాగా తెలుసు!

1999లో అమెరికాలో బికెల్, ఓడమ్, మాడెన్ అనే పరిశోధకులు ఇటువంటి బేరమునే పరీక్షించారు. సిగరెట్లు తాగేవారిని, మానినవారిని, ఎన్నడును తాగనివారిని పిలిచి, ఇప్పుడే కొంత సొమ్ము కావాలా, ఆలస్యముగా 1,000 డాలర్లు కావాలా అని మాటవరసకు అడిగారు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్ము విలువ తాగేవారి దృష్టిలో మిగిలినవారికంటె వేగముగా పడిపోయింది. మానినవారైతే ఎన్నడును తాగనివారివలెనే ఎంచుకున్నారు. మానినందువలన చూపు సరియైనదా, ఓపిక ఉన్నవారే మానగలిగారా అన్నది ఆ పరీక్షవలన తేలదు. అయితే యౌవనస్థులను కొన్ని సంవత్సరములు గమనించి 2009లో ప్రచురించిన మరొక పరిశోధనలో, ఓపిక తక్కువైనవారే తరువాత సిగరెట్టుకు చేరువయ్యే అవకాశము ఎక్కువని కనబడింది. కనుక మన సండేస్కూలు పిల్లలకు ఓపిక నేర్పడము పొగాకు చేతికి రాకముందే మొదలుకావలె.

మన ఊళ్ల సంగతి చూద్దాము. నాయకరాజుల కాలమునుండి మదురైలోను, కోయంబత్తూరు సీమలోను తెలుగువారు స్థిరపడి ఉన్నారు. 1888లో కోయంబత్తూరులో నూలుమిల్లు వెలసిన తరువాత మిల్లు కూలియే అనేక కుటుంబములకు ఆధారమైనది. దూది ఉన్నచోట నిప్పు పనికిరాదు గనుక, లోపల బీడీ కుదరనివారికి నమిలే పొగాకు తోడైనది. మురుగు కాలువల పని చేసేవారు వాసన భరించలేక పొగాకు బుగ్గన పెడతారు. వారిని ఆక్షేపించేముందు ఆ పని మనము ఒక్కరోజు చేయగలమా అని తలచుకోవలె.

పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే నికోటిన్ మెదడును చేరుతుంది. సుమారు రెండు గంటలలో రక్తములో సగానికి తగ్గుతుంది, మరల లోటు మొదలవుతుంది. అటువంటి లోటులో ఉన్నవాని చేతికి కూలి డబ్బు వస్తే ఏమవుతుంది? రోజుకు 40 రూపాయలు చిన్న మొత్తమే. ఏడాదికి అది 14,600. చిల్లరగా పోతుంది గనుక ఇంటిలో ఎవరికీ లెక్క తెలియదు. ఆ లోటును పూడ్చుటకు కందువడ్డీకి అప్పు తెచ్చే ఇండ్లున్నవి. 2003లో తమిళనాడు ప్రభుత్వము చట్టము చేసి నిషేధించినా ఆ వడ్డీ పీడ పోలేదు. ఇప్పుడు చేతికి వచ్చే పదివేలు పెద్దవిగా, రేపటి వడ్డీ చిన్నదిగా కనబడుట ఏశావు చూపే గదా.

ఇక్కడ మన బోధను కూడా పరీక్షించుకోవలె. ఇరవై ఏండ్లకు క్యాన్సరు వస్తుందని హెచ్చరిస్తాము. దూరమైనది కనబడని కంటికి దూరమైన భయము చూపి ఏమి లాభము? దగ్గరి మేలు చూపవలె. మానిన ఇరవై నిమిషములలో గుండె వేగము తగ్గుతుంది. సిగరెట్టు, బీడీ మానినవారి రక్తములోని విషవాయువు పన్నెండు గంటలలో మామూలు స్థాయికి దిగుతుంది. శనివారమునాటికి చేతిలో 240 రూపాయలు మిగులుతాయి. అమెరికాలో ఒక సంస్థలోని 878 మంది ఉద్యోగులపై జరిగి, 2009లో ప్రచురితమైన ప్రయోగములో, మానితే బహుమానపు సొమ్ము ఇస్తామన్న వర్గములో ఏడాది నాటికి మానియున్నవారు 14.7 శాతము, మిగిలినవారిలో 5 శాతమే.

మన సంఘములకు అంత సొమ్ము లేదు. అయినా కూలి దినమున ఒక సహోదరుడు అంగడి దాటేవరకు తోడు నడవవచ్చును. మిగిలిన డబ్బును ఇంటి ఇల్లాలి చేతిలో ఆ రాత్రే పెట్టించవచ్చును. మొదటి వారము కష్టమైనది. అప్పుడు దినదినము పలకరించవలె. మాన గోరేవారు 1800 11 2356 అనే ఉచిత ప్రభుత్వ నంబరుకు ఫోను చేయవచ్చును.

కూడికలో మాట్లాడుకొనుటకు: మన సంఘములో కూలి డబ్బు చేతికి వచ్చే సాయంత్రము ఏ రోజు? ఆ సాయంత్రము మనలో ఎవరు ఖాళీగా ఉన్నారు?