చెరిగిన అక్షరాలు చదివే పని

ఐర్లండ్ పల్లెల్లో పైకప్పు కూలిన పాత చర్చీలు, వాటి చుట్టూ ముళ్లపొదలు కమ్మేసిన సమాధులు తరచూ కనిపిస్తాయి. ఇలాంటి చోట్ల బాగోగులు ఊరివాళ్లే చూసుకునేలా అక్కడి హెరిటేజ్ కౌన్సిల్ 2016లో ఒక దత్తత పథకం మొదలుపెట్టింది. పురావస్తు నిపుణులు దారి చూపిస్తారు, పని ఊరివాళ్లు చేస్తారు. ఒక పాత శ్మశానంలో ఆ పని ఏ వరసలో సాగుతుందో చెబుతాను.

ముందు కాగితాలు. రికార్డులకెక్కిన ప్రాచీన కట్టడం దగ్గర ఏ పని తలపెట్టినా రెండు నెలల ముందే ప్రభుత్వానికి రాసి తెలపాలని 1994 చట్టం నిబంధన పెట్టింది. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పక్షులు గూళ్లు కట్టే కాలం కాబట్టి పొదలు కొట్టకూడదు. గోడకు పాకిన ఐవీ తీగను పీకకూడదు. దాని వేళ్లు సున్నపు అతుకుల్లోకి దిగి ఉంటాయి, లాగితే రాయి కూడా ఊడివస్తుంది. తవ్వకం మాట అసలే ఎత్తకూడదు, దానికి లైసెన్సు వేరు.

తర్వాత వినడం. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన దశ ఇదే, ఎక్కువ సమయం ఇవ్వాల్సిందీ దీనికే. 1937-39 మధ్య ఐర్లండ్ బడిపిల్లలు తమ ఇంటి పెద్దల దగ్గర కథలు అడిగి నోటుపుస్తకాల్లో రాశారు. ఆ సేకరణలో ఆ ఊరి పేరు వెతకాలి. ఆ పైన, ఎక్కడా రాయని సంగతుల కోసం ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోవాలి. ఉదాహరణకు, బాప్తిస్మం అందకముందే కన్నుమూసిన పసికందులకు చర్చి శ్మశానంలో చోటివ్వని కాలం ఒకటుండేది. పొద్దుగూకాక తండ్రి ఆ బిడ్డను చిన్న పెట్టెలో మోసుకెళ్లి, వాడకం లేని చర్చి మూలనో, పాత మట్టికోట దిబ్బలోనో పూడ్చి వచ్చేవాడు. అలాంటి చోట్లను కిల్లీన్ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇది జరిగింది. గుర్తుగా పేరులేని చిన్న రాళ్లు తప్ప ఏమీ ఉండవు. కొన్నిటి సంగతి ముసలివాళ్లకే తెలుసు, వాళ్లూ అడగ్గానే చెప్పరు. వాళ్లంతట వాళ్లు ఆ మాట ఎత్తేదాకా ఆగాలి. ఎత్తాక కూడా, అక్కడ బోర్డు పెట్టాలా వద్దా అన్నది ఆ కుటుంబాలను అడిగే తేల్చాలి.

ఇక రాళ్లు. వరసలవారీగా నంబర్లిచ్చి, పటం గీసి, ఒక్కోదాన్ని ఫొటో తీయాలి. అక్షరాలు అరిగిపోయాయని తీగల బ్రష్షుతో గీకితే మిగిలింది కూడా పోతుంది. బ్లీచింగూ పనికిరాదు. వెలుతురే ఇక్కడ పనిముట్టు. అద్దం పట్టి ఎండను రాయి మీదికి ఏటవాలుగా పంపాలి, లేదా చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి కొట్టాలి. చెక్కిన గాడుల్లో నీడ నిలిచి, పగలు బోసిగా కనిపించిన రాయి మీద పేరు తేలుతుంది. ఒకరు లైటు పడతారు, ఒకరు చదువుతారు, ఇంకొకరు రాసుకుంటారు. శిల్పి చేసిన అక్షరదోషాలను దిద్దకూడదు, పంక్తి ఎక్కడ విరిగిందో అక్కడే విరవాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 1922లో డబ్లిన్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణన పత్రాలు చాలామటుకు బూడిదయ్యాయి. ఎందరో మామూలు రైతు కుటుంబాలకు ఆ రాతి మీది పేరే మిగిలిన ఆధారం. అందుకే సేకరించిన వివరాలను హిస్టారిక్ గ్రేవ్స్ వంటి వేదికల్లో అందరికీ ఉచితంగా పెడతారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన వంశాలవాళ్లు ఆ వేదికల్లో తమ పూర్వీకుల పేర్లు వెతుక్కోవచ్చు.

చివరగా ఊరికి వినిపించడం. చరిత్రను ఊరివాళ్ల గొంతులతోనే రికార్డు చేసి, నడుస్తూ వినేలా ఆడియో గైడు తయారుచేస్తే మంచిది. నగరం నుంచి తెచ్చిన వ్యాఖ్యాత గొంతులో ఆ ఊరి యాస పలకదు. గేటు దగ్గర ఒక్క బోర్డు చాలు. ఆపై ఏటా గడ్డి ఎవరు కోయాలో వంతులు వేసుకోవాలి, కోత యంత్రం తీగ రాళ్లకు తగలకుండా చుట్టూ జానెడు గడ్డి వదిలేయాలి.