త్వరణ ప్రమాణముల మార్పిడి

మన కళాశాలలో ఒకే బల్లపై కూర్చుండువారిలో నీటిని ఒకరు 'పానీ' అందురు, మరొకరు 'నీరు' అందురు. పేరు వేరైనను దాహము తీర్చునది ఒక్కటే. ప్రమాణముల మార్పిడియు ఇట్టిదే. రాశి మారదు, దానిని తెలుపు సంఖ్యయు, ప్రమాణమును మాత్రమే మారును. అయినను త్వరణమును ఒక ప్రమాణమునుండి వేరొక ప్రమాణమునకు మార్చునపుడు మనము తరచుగా పొరపడుచుందుము. అందుకు కారణమేమో పరిశీలింతము.

వేగములో కలుగు మార్పు రేటునే త్వరణమందుము. వేగములో కాలము ఒకసారియే వచ్చును. త్వరణములో రెండుమారులు వచ్చును. అందువలననే దీని ప్రమాణము మీ/సె² అయినది. ఈ రెండవ కాలమును మరచుటయే మన పొరపాటునకు మూలము.

ఒక రైలుబండి నిశ్చలస్థితినుండి బయలుదేరి 40 సెకనులలో గంటకు 72 కి.మీ. వేగమును అందుకొనెననుకొందము. సెకనుకు పెరిగిన వేగము గంటకు 1.8 కి.మీ. దీనిని 3.6చే భాగించిన 0.5 మీ/సె² వచ్చును. ఇదే త్వరణమును కి.మీ/గం²లో చెప్పవలెనన్న 1.8ని 3600చే గుణించి 6480 అని వ్రాయుదుము. దీనిని తిరిగి మీ/సె²లోనికి మార్చునపుడు 3.6చే కాక 12,960చే భాగింపవలెను. ఏలనన 3600చే రెండుమారులు భాగించి, 1000చే గుణింపవలసియున్నది. అలవాటు చొప్పున 3.6చే భాగించినచో 1800 మీ/సె² వచ్చును. ఇది గురుత్వ త్వరణమునకు 180 రెట్లకు పైబడినది! ఇట్టి రైలుబండి లోకమున లేదు. కనుక జవాబును వ్రాసిన పిదప అది సంభవమా యని ఒకమారు ఆలోచింపవలెను.

1901లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ప్రామాణిక గురుత్వ త్వరణమును 9.80665 మీ/సె²గా నిర్ణయించెను. దీనినే 'జి' అందుము. ఒక అడుగు 0.3048 మీటరు కనుక ఇది సుమారు 32.174 అడుగులు/సె². గెలీలియో పేరిట ఏర్పడిన 'గాల్' 1 సెం.మీ/సె²కు సమానము. గురుత్వములోని స్వల్పభేదములను కొలుచు భూభౌతిక శాస్త్రజ్ఞులు అందులో వెయ్యవ వంతైన మిల్లీగాల్‌ను వాడుదురు.

ఇది పరీక్షల లెక్క మాత్రమే కాదు. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయనా ప్రాంతమున భూకంపము సంభవించినపుడు ఆనకట్టలోని పరికరము 0.63 జి గరిష్ఠ త్వరణమును నమోదు చేసెను. అనగా సుమారు 6.18 మీ/సె², లేక 618 గాల్. ఇంజనీరు 'జి'ని గమనింపక దానిని 0.63 మీ/సె²గా తీసుకొన్నచో కంపనబలమును దాదాపు పదవ వంతుకు తగ్గించి లెక్కించినట్లగును. అట్టి లెక్కపై కట్టిన కట్టడమును నమ్మి దిగువన నివసించువారి గతి యేమి?

కావున సంఖ్య ప్రక్కన ప్రమాణమును వ్రాయుట అలంకారము కాదు, బాధ్యత. ఈ అలవాటును ప్రయోగశాలలోనే చేసికొందము.