బంగారు రేకులో వేడి పరుగు

ఫిజిక్సు ల్యాబులో లీ డిస్కు ప్రయోగం చేసిన వారికి ఓపిక అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆవిరి పంపుతూ, రెండు థర్మామీటర్లనూ రెప్పవాల్చకుండా చూస్తూ కూర్చోవాలి. పాదరసం కదలడం మానేస్తేనే 'స్థిర స్థితి' వచ్చిందని సారు ఒప్పుకుంటారు. నా వంతు వచ్చిన రోజున ముప్పావు గంట కూర్చున్నాను. ఇక రీడింగు రాసుకుందామనుకుంటుండగా కరెంటు పోయింది! హీటరు చల్లబడింది, కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు పుట్టిన సందేహమే ఈ వ్యాసం: ఇంత నింపాదిగా నడిచే వేడి ఎక్కడైనా పరుగెత్తుతుందా?

మనం పరీక్షకు చదివే నియమం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫోరియర్ 1822లో గ్రంథస్థం చేసినది. ఉష్ణోగ్రత వాలు ఎంత నిటారుగా ఉంటే వేడి అంత జోరుగా ప్రవహిస్తుందంటాడాయన. దీనిలోంచే ఇంకో సంగతి తేలుతుంది. పొర మందం రెట్టింపైతే వేడి దానిని దాటే కాలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. జాతర గుంపులో చిక్కినవాడు నలుగురినీ గుద్దుకుంటూ ముందుకీ వెనక్కీ పోతాడే, వేడి నడక కూడా అలాంటిదే.

చార్మినారు దగ్గరి సందుల్లో మిఠాయిల కోసం వెండి వరఖు కొట్టేవారి సంగతి వినే ఉంటారు. అలాగే సాగగొట్టిన బంగారు రేకు మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. బంగారానికి ఉష్ణ విసరణ గుణకం సెకనుకు 1.27 చదరపు సెంటీమీటర్లు. మందం వర్గాన్ని దీనితో భాగించండి. వేడి ఆ రేకును దాటడానికి దాదాపు 80 పికోసెకన్లు పట్టాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఫెమ్టోసెకను అందులో మళ్లీ వెయ్యో వంతు.

ఇంత స్వల్ప కాలాన్ని కొలిచే గడియారం ఎక్కడిది? ఇక్కడే ఉంది కిటుకు. ఒక లేజరు స్పందనాన్ని రెండుగా చీలుస్తారు. బలమైనది రేకు ముందు ముఖాన్ని వేడి చేస్తుంది. బలహీనమైనది వెనక ముఖం మీద పడి, దాని పరావర్తనం ఎంత మారిందో చెబుతుంది. రెండోదాని దారిలోని అద్దాన్ని 15 మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే కాంతి పోనూ రానూ 30 మైక్రోమీటర్లు ఎక్కువ నడిచి, 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గడియారం పని స్క్రూగేజి లాంటి పరికరమే చేసేస్తుందన్నమాట!

1987లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో బ్రార్సన్, ఫుజిమోటో, ఇపెన్ అనేవారు పలుచని బంగారు పొరల మీద ఈ పనే చేశారు. వేడి వెనక ముఖానికి చేరింది సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో. అంటే 100 నానోమీటర్లకు 100 ఫెమ్టోసెకన్లే! మన లెక్కకంటే 800 రెట్లు తొందరగా వచ్చేసింది. పైగా మందం రెట్టింపైతే కాలం కూడా రెట్టింపే అయింది, నాలుగింతలు కాలేదు.

ఫోరియర్ తప్పు చెప్పాడా? లేదు. లోహమంతటికీ ఒకే ఉష్ణోగ్రత ఉంటుందని మనం అనుకున్నాం, పొరపాటు అక్కడుంది. లేజరు శక్తిని మొదట పీల్చుకునేవి ఎలక్ట్రానులు. బంగారంలో వాటి ఉష్ణధారణ శక్తి పరమాణు జాలకం దానిలో నూరో వంతు కూడా ఉండదు. చిన్న గిన్నెలో నీళ్లు చప్పున కాగినట్టు అవి వేల డిగ్రీలకు ఎగబాకుతాయి, జాలకం అప్పటికింకా చల్లగానే ఉంటుంది. ఆ కాస్త సమయంలో వేడి ఎలక్ట్రానులు గుద్దుకోకుండానే రేకును దాటేస్తాయి. ఒకటి రెండు పికోసెకన్లయ్యాకగాని జాలకానికి వాటా అందదు. ఇలా ఎలక్ట్రానులకొకటి, జాలకానికొకటి చొప్పున రెండు ఉష్ణోగ్రతలు పెట్టి లెక్క కట్టవచ్చని 1957లోనే సోవియట్ శాస్త్రజ్ఞులు కగనోవ్, లిఫ్షిత్స్, తనతరోవ్ దారి చూపారు. 1974లో అనిసిమోవ్ బృందం ఆ లెక్కను లేజరు స్పందనాలకు వర్తింపజేసింది. ప్రయోగం కంటే సమీకరణమే ముందు పుట్టిందని గమనించండి.

సిలికాన్‌లో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ వేడిని మోసేవి జాలక కంపనాలు, అంటే ఫోనానులు. పొర పలుచనైన కొద్దీ అవి గోడలకు గుద్దుకుని దారి తప్పుతాయి. మామూలు సిలికాన్‌కు గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణ వాహకత్వం మీటరుకు, కెల్విన్‌కు 148 వాట్లు. 20 నానోమీటర్ల పొరలో అది దాదాపు 22కి పడిపోతుంది. మన చేతిలోని ఫోను ఎందుకు కాలిపోతుందా అనుకునేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి. చిప్పుల లోపలి భాగాలు ఇప్పుడు ఈ కొలతల్లోనే ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోకండి. మన నారాయణఖేడ్ బస్సెక్కితే పూటలో చేరుకునే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం ద్రవంలో ముంచిన వెండి, బంగారం రేకుల మీద ఫెమ్టోసెకను లేజరు వేసి నానో కణాలను రాల్చింది. వేడి పక్కకు పాకేలోపే స్పందనం ముగిసిపోతుంది కాబట్టి చుట్టుపక్కల లోహం పెద్దగా కరగదు. ఆ కణాలతో, గరుకెక్కిన ఆ లోహపు ముఖాలతో పేలుడు పదార్థాల ఆనవాళ్లను రామన్ పరిక్షేపణం ద్వారా పట్టుకుంటున్నారు.

పరీక్షలో మాత్రం ఫోరియర్ నియమమే రాయండి, మార్కులు దానికే! అన్నట్టు, లీ డిస్కు ముందు నేను కూర్చున్న ముప్పావు గంటలో 27 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఫెమ్టోసెకన్లున్నాయి. కరెంటు వచ్చేదాకా ఏం చేయాలో తోచక కట్టిన లెక్క ఇది.