నేర్పించే ఖర్చులో సర్కారు వాటా ఎంత?

ప్రశ్న: శ్రీకాకుళంలో 18 మందితో అకౌంటింగ్ ఆఫీసు నడుపుతున్నాను. డిగ్రీ చదివొచ్చిన పిల్లలకు ఎక్సెల్ కూడా సరిగా రావడం లేదు. నేనే నేర్పిస్తే ప్రభుత్వం ఏమైనా ఇస్తుందాండీ?

జవాబు: ఇస్తుందండీ. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అప్రెంటిస్‌కు మీరిచ్చే స్టైపెండులో 25 శాతం కేంద్రం భరిస్తుంది. 2016లో పథకం పెట్టినప్పుడు దీనికి నెలకు రూ.1,500 పరిమితి, ఇప్పటి లెక్క ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మీకు ఐచ్ఛికమే.

అయితే మీ సీనియర్ తన పని పక్కన పెట్టి, కుర్రాడి పక్కన కూర్చుని జీఎస్టీ రిటర్ను ఎలా వేయాలో చూపించే ఆ రెండు గంటలున్నాయే, అసలు ఖర్చు అదే. స్టైపెండు వాటా దాన్ని పూడ్చదు. నేర్చుకున్నాక విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోతే? వెళ్తారు, కొందరు. అందుకని ముందు ఇద్దరితో మొదలుపెట్టండి. పోర్టల్‌లో ఒప్పందం నమోదు కాకుండా మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకండి. కేంద్రం వాటా రాదు.