వెండితెర - వయోనియమం

పాఠ్యభాగ ఉద్దేశం

చలనచిత్రాలకు వయసును బట్టి ఇచ్చే ధ్రువపత్రాల చరిత్రను, వాటి వెనుక ఉన్న ఆలోచనను తెలియజేయడం. ఒక నియమం న్యాయమైనదా, కాదా అని తేల్చుకోవడానికి కావలసిన ప్రమాణాలను విద్యార్థులు స్వయంగా గుర్తించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నిజాంపట్నం తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక మరపడవలు రేవు దాటవు. ఆ 61 రోజులు వలలకు విశ్రాంతి, కుర్రవాళ్లకు తీరిక. వేసవి సెలవులు కూడా కలిసి రావడం వల్ల వారిలో చాలామంది రేపల్లెకో, తెనాలికో వెళ్లి సినిమాలు చూస్తుంటారు.

2025 మే నెలలో ఒకనాటి సాయంకాలం నేనూ రేపల్లెలోని ఒక సినిమా హాలుకు వెళ్లాను. శైలేష్ కొలను దర్శకత్వంలో, నాని కథానాయకుడుగా మే 1న విడుదలైన ‘హిట్: ది థర్డ్ కేస్’ అక్కడ ఆడుతున్నది. దానికి ‘ఎ’ ధ్రువపత్రం లభించింది. 18 సంవత్సరాలు నిండినవారు మాత్రమే చూడదగినదని దాని అర్థం.

గేటు దగ్గర మా కళాశాల విద్యార్థి ఒకడు చిన్నబోయిన ముఖంతో నిలబడి ఉన్నాడు. టిక్కెట్లు చింపే వ్యక్తి అతని ఆధార్ కార్డు చూచి, “నీకింకా పద్దెనిమిది నిండలేదు తమ్ముడూ! లోపలికి పంపడం కుదరదు” అని చెప్పాడు. అతనికి అప్పటికి 17 సంవత్సరాల 10 నెలలు. ఇంతలో ఒక కుటుంబం వచ్చింది. తండ్రి చేయి పట్టుకొని అయిదారేళ్ల బాబు నడుస్తున్నాడు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ బాబు కూడా లోపలికి వెళ్లిపోయాడు.

విద్యార్థి నా వైపు తిరిగి, “మాస్టారూ! నేను మా నాన్నతో కలిసి వేటకు వెళ్తాను. మా ఇంటి ఖర్చులు, అప్పులు అన్నీ నాకు తెలుసు. నన్ను ఆపి ఆ పసివాణ్ణి పంపారు. ఇది న్యాయమేనా?” అని అడిగాడు. ఆ రోజు అతనికి నేను పూర్తి సమాధానం చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించగా నాకు తోచిన సంగతులను ఇక్కడ వివరిస్తాను.

ఏది ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్న సినిమాతో పుట్టింది కాదు. భరతముని నాట్యశాస్త్రంలోనే ఈ చర్చ ఉన్నది. యుద్ధం, మరణం, రాజ్యభ్రంశం, నగర ముట్టడి వంటివాటిని రంగస్థలం మీద ప్రత్యక్షంగా చూపరాదని, వాటిని పాత్రల మాటల ద్వారా సూచించాలని భరతుడు చెప్పాడు. శయనం, చుంబనం, ఆలింగనం వంటివి కూడా ప్రదర్శించరాదన్నాడు. తండ్రి, కొడుకు, అత్త, కోడలు ఒకేచోట కూర్చుండి నాటకాన్ని చూస్తారని ఆయన దానికి కారణం చెప్పడం గమనించదగినది. ప్రేక్షకులు అందరూ ఒకటే కనుక ప్రదర్శననే అందరికీ తగినట్లు మలచాలన్నది ప్రాచీనుల పద్ధతి. ప్రదర్శనను ఉండనిచ్చి ప్రేక్షకులనే వయసును బట్టి విభజించడం ఆధునికుల పద్ధతి. మొదటి పద్ధతిలో కళాకారుని స్వేచ్ఛకు హద్దు ఎక్కువ. రెండవ పద్ధతిలో స్వేచ్ఛ ఎక్కువే కాని, గేటు దగ్గర నియమం తప్పితే దానికి అర్థమే ఉండదు.

మన దేశంలో సినిమాల పరిశీలనకు 1918లో చట్టం వచ్చింది. 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్ నగరాలలో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. నాటి పాలకుల చింత పిల్లలను గురించి కాదు. తమ పాలనను గురించి. గూడవల్లి రామబ్రహ్మం 1938లో నిర్మించిన ‘మాలపిల్ల’ అస్పృశ్యతను ఎదిరించిన చిత్రం. అందులో కథానాయిక తెనాలి ప్రాంతానికి చెందిన కాంచనమాల. ఆయనే మరుసటి ఏడు జమీందారీ వ్యవస్థను విమర్శిస్తూ తీసిన ‘రైతుబిడ్డ’ నిషేధానికి గురైంది. ఆ చిత్రాన్ని చూడకుండా ఆపింది పసిపిల్లలను కాదు, వయసు వచ్చిన రైతులను. అధికారం తన భయాన్ని ప్రజల మేలు అనే పేరుతో కప్పిపుచ్చుకొనగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. అందుచేత ఏ నియమాన్నైనా ‘ఇది ఎవరి మేలు కోసం?’ అని ప్రశ్నించి చూడాలి.

వయసును బట్టి విభజన 1949లో జరిగిన చట్ట సవరణతో మొదలైంది. అందరూ చూడదగినవి ‘యు’, పెద్దలు మాత్రమే చూడదగినవి ‘ఎ’ అయ్యాయి. 1951లో కేంద్ర బోర్డు ఏర్పడింది. 1952లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. 1983లో ‘యు/ఎ’, ‘ఎస్’ అనే మరి రెండు తరగతులు చేరాయి. ‘యు/ఎ’ అంటే పిల్లలు తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో చూడదగినది. ‘ఎస్’ అంటే వైద్యులు, శాస్త్రజ్ఞులు వంటి ప్రత్యేక వర్గాలకు మాత్రమే ఉద్దేశించినది. ఆ సంవత్సరమే సెన్సారు బోర్డు పేరు ‘కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి’గా మారింది. కత్తిరించడం కంటె వర్గీకరించడమే ముఖ్యమన్న భావన ఈ కొత్త పేరులో కనిపిస్తుంది. 2023లో చేసిన సవరణ ‘యు/ఎ’ను 7 ఏళ్లు పైబడినవారికి, 13 ఏళ్లు పైబడినవారికి, 16 ఏళ్లు పైబడినవారికి అని మూడు మెట్లుగా విభజించింది. ఎనిమిదేళ్ల బాలుడు, పదిహేడేళ్ల యువకుడు ఒకటి కాదని చట్టం ఆలస్యంగానైనా అంగీకరించిందన్నమాట. అయితే ఈ మూడు మెట్లు తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. వాటిని అమలుపరచే బాధ్యత వారిదే. ‘ఎ’ ధ్రువపత్రం అటువంటిది కాదు. ‘ఎ’ చిత్రాన్ని 18 ఏళ్లు నిండనివారికి ప్రదర్శించడం నేరం. తల్లిదండ్రులు వెంట ఉన్నా అది తప్పే. తల్లిదండ్రులతో వచ్చే మూడేళ్ల లోపు చంటిబిడ్డలకు మాత్రమే మినహాయింపు ఉన్నది.

ఇటువంటి వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ప్రసిద్ధ రచయిత, దర్శకుడు కె.ఎ. అబ్బాస్ నాలుగు మహానగరాలలోని ధనిక, పేద జీవితాల అంతరాన్ని చూపుతూ ఒక లఘుచిత్రం తీశారు. దానికి ‘ఎ’ ధ్రువపత్రం ఇస్తామనడంతో ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1970లో తీర్పు వెలువడింది. చలనచిత్రం తక్కిన కళల కంటె గాఢంగా మనసును కదిలిస్తుంది కనుక, ముఖ్యంగా పిల్లల విషయంలో, ముందుగా పరిశీలించి వర్గీకరించడం సమంజసమేనని కోర్టు చెప్పింది. అయితే మనలో అత్యంత బలహీనులను దృష్టిలో పెట్టుకొని, ఆరోగ్యకరమైన మనసు గలవారు ఏమి చూడాలో నిర్ణయించరాదని కూడా హెచ్చరించింది. నియమం ఉండాలి, ఆ నియమానికి వివేకమూ ఉండాలి.

ఆ వివేకం ఎక్కడ తప్పుతుంది? మొదటిది సమానత్వం. ఒకే విధమైన దృశ్యాలున్న రెండు చిత్రాలకు రెండు రకాల ధ్రువపత్రాలు వచ్చాయన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. 2025 ఆగస్టులో రజనీకాంత్ నటించిన తమిళ చిత్రం ‘కూలీ’కి ‘ఎ’ ఇచ్చినప్పుడు, ఇంతటి హింస ఉన్న ఇతర చిత్రాలకు ‘యు/ఎ’ ఇచ్చారంటూ నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు వారి అభ్యర్థనను తోసిపుచ్చింది. ఇక్కడ మరొక సంగతి గ్రహించాలి. ‘ఎ’ వస్తే కుటుంబ ప్రేక్షకులు తగ్గుతారు, వసూళ్లూ తగ్గుతాయి. కనుక ధ్రువపత్రం మీద జరిగే వాదనలో పిల్లల క్షేమంతో పాటు డబ్బు కూడా ఒక పక్షమై ఉంటుంది.

రెండవది ఔచిత్యం. సినిమాను విడివిడి దృశ్యాలుగా కాక, మొత్తంగా కలిగించే ప్రభావాన్ని బట్టి పరిశీలించాలని 1991లో కేంద్రం జారీచేసిన మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. మన ఆలంకారికులు చెప్పినదీ ఇదే. తిక్కన విరాటపర్వంలోని కీచకవధ ఘట్టంలో పరస్త్రీ వ్యామోహం ఉన్నది, భయంకరమైన హత్య ఉన్నది. అయినా దానిని తరగతిలో పాఠంగా చదువుకుంటున్నాము. అందులో ద్రౌపది అవమానాన్ని పాఠకుడు తన అవమానంగా భావిస్తాడు. కీచకుని వలె ప్రవర్తించాలని ఎవ్వరికీ అనిపించదు. రక్తం ఎన్ని చుక్కలు కారిందన్నది కాదు, ఆ రక్తాన్ని చూచి ప్రేక్షకుడు ఏమి నేర్చుకున్నాడన్నదే ప్రమాణం కావాలి. 2025 మార్చిలో విడుదలైన ‘కోర్ట్’ చిత్రాన్ని చూడండి. 19 ఏళ్ల యువకుడు, 17 ఏళ్ల బాలిక ప్రేమించుకోవడం, అతడు పోక్సో చట్టం కింద నిందితుడై బోనులో నిలబడడం అందులోని ఇతివృత్తం. ఈ కథ తెలియవలసినది మీ వయసువారికే.

మూడవది దేశకాలాల భేదం. 2017లో విడుదలైన ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’కు మన దేశంలో ‘యు/ఎ’ లభించింది. సింగపూర్‌లో యుద్ధ దృశ్యాల తీవ్రత కారణంగా 16 ఏళ్ల లోపువారికి ప్రవేశం లేదన్నారు. రేపల్లెలో ఎనిమిదేళ్ల పిల్లవాడు అమ్మానాన్నలతో కలిసి చూసిన చిత్రాన్ని సింగపూర్‌లోని పదిహేనేళ్ల తెలుగు బాలుడు హాలులో చూడలేకపోయాడు. కాబట్టి ఈ అంకెలు ప్రకృతి నియమాలు కావు. ఒక్కొక్క సమాజం చేసుకున్న ఒప్పందాలు. ఓటు హక్కు వయసు కూడా మన దేశంలో ఒకప్పుడు 21 ఏళ్లు. 1988లో చేసిన 61వ రాజ్యాంగ సవరణతో 18 అయింది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతకు రెండు నెలలు ఇవతల నిలబడినవానికి అది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. కాని గీత అందరికీ ఒకటే అయినప్పుడు ఆ బాధను భరించవచ్చు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వద్దాము. నేను మరునాడు ఆ చిత్రం చూశాను. హంతకుల రహస్య ముఠాలోకి ఒక పోలీసు అధికారి చొరబడే కథ అది. అడుగడుగునా రక్తపాతం ఉన్నది. దానికి ‘ఎ’ ఇవ్వడం సబబే అనిపించింది. కనుక మా విద్యార్థిని ఆపడం తప్పు కాదు. ఆ పసివాణ్ణి ఆపకపోవడం తప్పు. ప్రశ్నించగలవాణ్ణి ఆపి, ప్రశ్నించలేనివాణ్ణి వదిలివేసినప్పుడు నియమం ఎవరి కోసం పుట్టిందో వారికే దూరమైంది. ఆ తప్పులో గేటు దగ్గరి వ్యక్తికి ఎంత భాగమున్నదో, చేయి పట్టుకొని తీసుకువచ్చిన తండ్రికీ అంత భాగమున్నది.

జూన్ నెలలో కళాశాల తెరిచిన తరువాత ఆ విద్యార్థి నన్ను కలిశాడు. అప్పటికే ఆ చిత్రం ఓటీటీలో వచ్చింది. 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు కూడా వయసును బట్టి చిత్రాలను వర్గీకరించాలి. పిల్లలు చూడకుండా తాళం వేసుకునే సౌకర్యం కల్పించాలి. కాని ఇంట్లో ఆ తాళం వేసేదెవరు? “అన్నయ్య ఫోనులో చూశాను మాస్టారూ!” అని అతడు తలవంచుకొని చెప్పాడు. “సగంలో మా చెల్లెలు నిద్రలేచి నా పక్కకు వచ్చింది. దానికి ఆరేళ్లు. తెరమీద ఒకణ్ణి నరుకుతున్నారు. అది నా చొక్కా గట్టిగా పట్టుకుంది. వెంటనే ఫోను కట్టేశాను. మళ్లీ చూడబుద్ధి కాలేదు.”

ఆ మాట విని నేనతణ్ణి మందలించలేదు. రేపల్లెలో ఆ గేటు దగ్గర జరగవలసిన పని ఆ రాత్రి నిజాంపట్నంలోని ఆ ఇంట్లో జరిగింది. చట్టం 18 సంవత్సరాల అంకెను మాత్రమే ఇవ్వగలదు. చిన్నవారి కోసం తన సరదాను వదులుకోగలగడం పెద్దరికానికి గుర్తు. అది కొందరికి 18 కంటె ముందే వస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు

ధ్రువపత్రం = నిజమని తెలిపే పత్రం, సర్టిఫికెట్
రాజ్యభ్రంశం = రాజ్యాన్ని కోల్పోవడం
ఆలింగనం = కౌగిలింత
సమంజసం = తగినది
ఔచిత్యం = సందర్భానికి తగి ఉండడం
ఆలంకారికులు = కావ్యశాస్త్రం రచించినవారు
ఇతివృత్తం = కథావస్తువు
సబబు = న్యాయం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మన దేశంలో చలనచిత్రాల వయోవర్గీకరణ ఏయే దశలలో మార్పు చెందిందో వివరించండి.
2. వయోనియమం న్యాయంగా ఉండాలంటే పాటించవలసిన ప్రమాణాలను పాఠం ఆధారంగా చర్చించండి. రచయితతో మీరు ఏకీభవిస్తారా?

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రదర్శన విషయంలో భరతముని సూచించిన పద్ధతికి, ఆధునిక పద్ధతికి గల భేదమేమి?
2. కీచకవధ ఘట్టాన్ని రచయిత ఎందుకు ప్రస్తావించాడు?
3. విద్యార్థి ఫోను కట్టివేయడంలోని అంతరార్థాన్ని తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘రైతుబిడ్డ’ చిత్రం దేనిని విమర్శించింది?
2. ‘యు/ఎ’ తరగతిని మూడు మెట్లుగా విభజించిన సవరణ ఏ సంవత్సరంలో జరిగింది?

ఈ) భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు తెలపండి: అడుగడుగు, అత్యంత, అంతరార్థం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: తల్లిదండ్రులు, రక్తపాతం, కీచకవధ.

ఉ) కృత్యం
మీరు ఇటీవల చూసిన ఒక సినిమాకు లభించిన ధ్రువపత్రం ఏమిటో తెలుసుకోండి. అది తగినదని మీరు భావిస్తున్నారా? కారణాలతో పది వాక్యాలు రాయండి.