ఊరి చివరి ఇల్లు, మాట తగ్గిన మనిషి

ప్రశ్న: కార్వేటినగరంలో గుడి దగ్గరి వీధి నుంచి ఊరి బయట లేఅవుట్‌కు మారాం. అప్పటి నుంచి మా ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ‘నేనుండి ఏం లాభం’ అంటున్నాడు. ఇల్లు మారడం వల్లేనా?

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి చూడాలమ్మా. విసుగులో అన్నాడని వదిలేయకండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఈరోజే బయటికి పంపేయండి. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చేతికందే దూరంలో ఏముందన్నదీ పరిసరమే కదా!

ఇక ఇంటి మాట. చుట్టూ ఉన్న పరిసరాలు మనసును తాకుతాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకున్న ఖాళీ స్థలాలను శుభ్రం చేసి, గడ్డి, చెట్లు పెంచారు. దిగులుగా ఉందని చెప్పే ఇరుగుపొరుగువారు సుమారు 40 శాతం తగ్గారని 2018లో తేలింది. అయితే అది దిగులు లెక్క, ఆత్మహత్యల లెక్క కాదు. మీ ఆయనకు పోయింది పాత వీధి పలకరింపులు కావచ్చు. అప్పు, మద్యం, నిద్రలేమి కూడా ఆరా తీయండి. నెపమంతా లేఅవుట్ మీద వేయలేం.

సాయంత్రాలు మీ ఊళ్లోని స్కంద పుష్కరిణి వైపు ఇద్దరూ నడవండి, పాత స్నేహితులను ఇంటికి పిలవండి. నడకే వైద్యం అనుకోవద్దు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన ఒప్పుకోకపోతే మీరే చేయండి.