మాట ఒకటే, అర్థాలు రెండు

ఈ వారం వీడియోలో బెలుం గుహలు చూశాం కదా. మాతో పాటు లోపలికి వచ్చిన ఒక ఫ్రెండ్‌తో ఆ రోజంతా జరిగిన చర్చ వీడియోలో పట్టలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. అతను నంద్యాల అబ్బాయి, క్రిస్టియన్. నాతోనే ఇంజనీరింగ్ చదివాడు.

కోటిలింగాల దగ్గర మేము చేతులు జోడించాం. అతను పక్కన నిలబడ్డాడు. అక్కడ జరిగేది మా ఇద్దరికీ తెలిసిన కెమిస్ట్రీయే: వాన నీరు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది, చుక్క చుక్కగా మళ్లీ పేరుస్తుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982-83లో గెబావర్ అనే జర్మన్ బృందంతో వచ్చి కొలతలు తీశాడు. మొత్తం 3,229 మీటర్లు. వాళ్లందరికంటే ఎంతో ముందు బౌద్ధ, జైన సాధువులు ఇక్కడ ఉన్నారు. ఎవరి చూపు వాళ్లది.

అక్కడి నుంచి ఆళ్లగడ్డ వెళ్లాం. శిల్పుల ఊరు. రోడ్డు పక్కనే రాళ్లు, ఉలి చప్పుడు, సగం చెక్కిన వినాయకులు. అక్కడ అతను మొహమాటపడుతూనే అడిగాడు: "ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఈ రాయి దేవుడని మీరు నిజంగా నమ్ముతారా?"

చిన్నప్పటి నుంచి మనలో చాలామంది విన్న ప్రశ్నే. మామూలుగా అయితే కోపం వస్తుంది. కానీ అతను ఎక్కడి నుంచి అడుగుతున్నాడో చూడండి. తెలుగు బైబిల్లో, పది ఆజ్ఞల దగ్గర, చేసుకోకూడదన్న వాటిలో 'విగ్రహం' అన్న మాట ఉంది. అనువాదకులు చెప్పాలనుకున్నది దేవుడి స్థానంలో మనిషి చేసి నిలబెట్టిన వస్తువు గురించి. దానికి వాళ్లకు దొరికిన తెలుగు మాట మనం గౌరవంగా వాడే మాట. దాంతో ఒకరు బైబిల్ చదివితే, ఇంకొకరికి వాళ్ల ఇంటి దేవుణ్ణి తిట్టినట్టు వినిపిస్తుంది.

నేను శిల్పం పద్ధతి చెప్పాను. ధ్యాన శ్లోకంలో చెప్పిన రూపానికి తగ్గట్టు చెక్కుతారు. చివర్లో కళ్లు తెరుస్తారు, దాన్ని నేత్రోన్మీలనం అంటారు. గుళ్లో ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా దానికి పూజ లేదు. వినాయక చవితికి మట్టి బొమ్మలోకి ఆవాహన చేస్తాం, తర్వాత ఉద్వాసన చెప్పి మనమే నీళ్లలో కలిపేస్తాం. మట్టే దేవుడైతే మనమెందుకు ముంచుతాం? అతను కాసేపు ఆలోచించి, "ఇది నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. అయినా తాను చేతులు జోడించనని కూడా చెప్పాడు. ఆ రెండో మాట నాకు ఇంకా నచ్చింది. అర్థం చేసుకున్నంత మాత్రాన ఒప్పుకోవాలని లేదు కదా!

తర్వాత నా వంతు. "నువ్వు మళ్లీ పుట్టాలి" అని క్రిస్టియన్ స్నేహితులు ఎంతో ప్రేమగా చెబుతుంటారు. మనకేమో మళ్లీ పుట్టకుండా ఉండటమే మోక్షం! మంచి వార్త అని వాళ్లిస్తే మనకు శిక్షలా వినిపిస్తుంది. అదేంటని అడిగితే అతను యోహాను సువార్త మూడో అధ్యాయం చూపించాడు. అక్కడ నికొదేము అనే పెద్దాయన కూడా ఇలాగే తికమకపడి, ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్లీ ఎలా వెళ్తాడని యేసునే అడుగుతాడు. 'అనోథెన్' అనే ఆ గ్రీకు మాటకు 'మళ్లీ' అనీ, 'పైనుంచి' అనీ రెండు అర్థాలట. వాళ్లు చెప్పేది ఈ జన్మలోనే దేవుడి వల్ల లోపల కలిగే మార్పు గురించి.

మనవైపు నుంచి కూడా ఇలాంటివి జరుగుతాయి. "యేసు కూడా మాకు ఒక అవతారమే, ఫొటో పూజగదిలో పెట్టుకుంటాం" అని పెద్ద మనసుతో అంటాం. కృష్ణుడు గీత నాలుగో అధ్యాయంలో ప్రతి యుగంలోనూ వస్తానంటాడు. క్రైస్తవుల నమ్మకంలో ఆ రాక ఒక్కసారే, ఇంకెవరితోనూ కలపలేనిది. కాబట్టి మన మాట అతనికి "నీ నమ్మకంలో అసలు సంగతి తీసేస్తే నాకు ఓకే" అన్నట్టు వినిపిస్తుంది. ప్రసాదం సంగతీ అంతే. ఆఫీసులో లడ్డు వద్దంటే అవమానం అనుకుంటాం. దేవతలకు పెట్టిన ఆహారం తినొచ్చా లేదా అన్న చర్చ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలోనే ఉంది. ఎదుటివాడి మనస్సాక్షి నొచ్చుకోకుండా చూసుకోమని కూడా ఆయన అక్కడ రాశాడు. వద్దన్నవాడికి మన మీద కోపం ఉండాలని లేదు. (క్రిస్టియన్లంతా ఒకే మాట మీద ఉంటారనుకోకండి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడితే నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. కలవడానికి 1975 దాకా పట్టింది.)

ఇంకో విషయం చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడులో 19వ శతాబ్దంలోనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. ఈ ప్రాంతంలో ఆ మతంలోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది దళితులు. మద్రాసు రాష్ట్రంలో గుళ్లన్నిటినీ హిందువులందరికీ తెరిచే ఆలయ ప్రవేశ చట్టం 1947లో గానీ రాలేదు. అంటే అంతకుముందు తరాల్లో వాళ్లను చాలా గుళ్లు గడప కూడా దాటనివ్వలేదు. "మీవాళ్లు బియ్యం కోసం మారారు" అని ఎగతాళి చేసే మనవాళ్లు ఆ గడప సంగతి ఎందుకు మర్చిపోతారో నాకర్థం కాదు. మన దేవుళ్లను దెయ్యాలని మైకులో అరిచే ప్రసంగీకుడు కూడా నాకు అంతే తప్పుగా కనిపిస్తాడు. నా ఫ్రెండ్‌కు కూడా ఆయన నచ్చడు.

కాబట్టి ఈసారి ఎవరైనా తమ దేవుడి గురించి చెబితే, జవాబు వెతుక్కునే ముందు "ఆ మాటకు నీ అర్థం ఏంటి?" అని అడిగి చూడండి. మన ధర్మం గురించి చెప్పేటప్పుడు కూడా ఆత్మ, పాపం, మాయ లాంటి మాటలు వదిలేసి వెళ్లిపోకుండా, మనం ఏ అర్థంలో వాడుతున్నామో చెప్పండి.

వచ్చే వారం ఆళ్లగడ్డ పక్కనే ఉన్న అహోబిలం వెళ్దాం. కనుమ రోజు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో నరసింహస్వామి తన పెళ్లికి రమ్మని పిలవడానికి తానే ఊరూరా తిరుగుతాడు. చెంచులు ఆయనకు అత్తింటివాళ్లు మరి!